తెరపై మన లిపి: లినక్స్ లాప్‌టాప్, ప్రొజెక్టరు

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఆ మాటలోని సత్యము గత సంవత్సరము మా కళాశాల విద్యార్థి సదస్సులో మాకు బాగుగా బోధపడినది. బొబ్బిలి ప్రాంతపు పల్లె నుండి వచ్చి చదువుకొనుచున్న విద్యార్థిని ఒకతె గురజాడ వారి ముత్యాల సరముల నడకను ఉర్దూ కవితల నడకతో పోల్చి చక్కని ప్రసంగము సిద్ధపరచినది. తీరా లాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు కలుపగా తెరపై 'నో సిగ్నల్' అను రెండు మాటలే కనబడినవి. పావుగంట పెనుగులాట తరువాత ఆ ఫైలును వేరొక కంప్యూటరులో తెరిచితిమి. తెలుగు ఒత్తులు చెదరిపోయినవి. ఉర్దూ అక్షరముల స్థానమున ఖాళీ గడులు నిలిచినవి. ఆమె కాగితము చూచి నాలుగు మాటలు చదివి కూర్చున్నది. అందులో ఆమె దోషమేమియు లేదు. నేర్పవలసిన మేము నేర్పలేదు. ఆ ఋణము కొంతయైన తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. వెల లేకుండ లభించును. పాత యంత్రములపైనను నడచును. కావున మా వంటి చిన్న కళాశాలలకు అది మిక్కిలి అనుకూలము. అయితే ప్రొజెక్టరు వద్ద మొరాయించునను అపవాదు దానికి కలదు. కారణము తెలిసినవారికి అందులో భయపడవలసినది లేదు.

తోలుబొమ్మలాటలో దీపము, బొమ్మ, తెర ఒకదానికొకటి కుదిరిననే ఆట రక్తి కట్టును. ఇక్కడను అంతే. తీగ తగిలిన వెంటనే ప్రొజెక్టరు తాను ఎన్ని చుక్కల వెడల్పు, ఎన్ని చుక్కల ఎత్తు గల బొమ్మను చూపగలదో లాప్‌టాప్‌కు తెలియజేయును. ఈ పరిచయపత్రమునకు ఇ.డి.ఐ.డి. అని పేరు. దాని మూలరూపము 128 బైట్లు మాత్రమే. తీగ వదులైనను, నాసిరకపు కన్వర్టరు నడుమ నున్నను ఆ పత్రము అందదు. అప్పుడు లాప్‌టాప్ తప్పు కొలతతో బొమ్మను పంపును, లేదా అసలే పంపదు.

తీగలలోను భేదమున్నది. 1987లో వచ్చిన వి.జి.ఎ. తీగకు పదునైదు పిన్నులు. అది బొమ్మను మాత్రమే మోయును. హెచ్.డి.ఎమ్.ఐ. బొమ్మను, ధ్వనిని కూడ మోయును. హెచ్.డి.ఎమ్.ఐ. గల లాప్‌టాప్‌ను వి.జి.ఎ. ప్రొజెక్టరుకు కలుపుటకు వట్టి తీగ చాలదు. సంకేతమును మార్చు కన్వర్టరు కావలెను. టైప్-సి పోర్టులలో కొన్ని బొమ్మను పంపును, కొన్ని పంపవు. ముందే చూచుకొనవలెను.

ఇక పద్ధతి. తీగను రెండు వైపుల గట్టిగా బిగించి, ప్రొజెక్టరులో సరియైన ఇన్‌పుట్‌ను ఎన్నుకొనవలెను. పిమ్మట లినక్స్ సెట్టింగులలో డిస్‌ప్లే విభాగమును తెరువవలెను. రెండవ తెర కనబడినచో రెండు మార్గములు గలవు. రెండు తెరలపైన ఒకే బొమ్మ చూపుట మొదటిది. క్రొత్తవారికి ఇదియే క్షేమము. అయితే పాత ప్రొజెక్టరు కొలత 1024×768, లాప్‌టాప్ కొలత 1920×1080 అయినచో రెంటికి పొసగు కొలతను ఎన్నుకొనవలెను. తెరను పొడిగించుట రెండవది. లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్‌లో ఇట్లు చేసినచో సభకు స్లైడు, వక్తకు తన నోట్సు కనబడును.

రెండవ తెర కనబడకున్న నిరాశ వలదు. ఎక్స్.ఆర్గ్ పద్ధతిలో నడచు లినక్స్ అయినచో టెర్మినలులో ఎక్స్‌ర్యాండర్ అను ఆజ్ఞను టైపు చేయవలెను. పోర్టు పేరు ప్రక్కన 'కనెక్టెడ్' అని యున్నచో దోషము సెట్టింగులలో నున్నది. 'డిస్‌కనెక్టెడ్' అని యున్నచో ముందుగా తీగను, కన్వర్టరును అనుమానింపవలెను. పోర్టు పేరే లేకున్నచో గ్రాఫిక్స్ డ్రైవరు సంగతి చూడవలెను. కొన్ని లాప్‌టాప్‌లలో హెచ్.డి.ఎమ్.ఐ. పోర్టు విడి గ్రాఫిక్స్ చిప్పుకు అమర్చబడి, దాని డ్రైవరు లేనిదే పలుకదు.

చివరిది, మన వంటి రెండు లిపుల వారికి ముఖ్యమైనది, అక్షరముల రక్షణ. స్లైడ్ల ఫైలులో సాధారణముగా ఫాంటు పేరే యుండును, ఫాంటు ఉండదు. ఆ ఫాంటు లేని యంత్రములో అక్షరములు చెదరును. విజయనగరపు మహాకవి పేర వెలసిన 'గురజాడ' ఫాంటు, ఉర్దూకు 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ' ఉచితముగా లభించుచున్నవి. వానితో వ్రాసి, పి.డి.ఎఫ్. ప్రతిగా కూడ భద్రపరచి, పెన్‌డ్రైవులో వెంట తెచ్చుకొనవలెను. పి.డి.ఎఫ్.లో ఫాంటు ఫైలుతో పాటే ప్రయాణము చేయును. కదలు బొమ్మలు పోవును గాని అక్షరము నిలుచును.

ఈ సంవత్సరము సదస్సుకు ముందురోజు సాయంకాలము ఆ విద్యార్థినియే వచ్చి సభాశాల తాళపుచెవి అడిగినది. తన స్లైడ్లనే గాక, మరునాడు మాట్లాడవలసిన తోటివారందరి స్లైడ్లను తెరపై వేసి చూచినది. మరునాడు తెరపై తెలుగు ఎడమ నుండి, ఉర్దూ కుడి నుండి నడచి వచ్చి నడుమ కలిసికొనుట సభ అంతయు చూచినది. విద్యార్థులందరు ఆ ఒక్క సాయంకాలపు అలవాటును అలవరచుకొందురని, ఆ తాళపుచెవి అడిగినవారికి కళాశాల కమిటీవారు కాదనక ఇప్పింతురని ఆశించుచున్నాము.