టమాటా: మందు కొడితే సారం తగ్గుతుందా?

శిలీంద్రనాశినుల వల్ల పోషకాలకు జరిగే నష్టం భయపడినంత లేదు. అసలు చిక్కు వంటింటి పొయ్యి దగ్గర, పిచికారీకీ కోతకూ మధ్య మిగిలే రోజుల దగ్గర ఉంది.

రెండు రోజులు ముసురు పట్టిందంటే మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతు చూసేది మబ్బు వంక కాదు, మొక్క అడుగున ఉన్న ఆకుల వంక. వాటి మీద ఒకదానిలో ఒకటిగా గోధుమరంగు వలయాలు కనిపిస్తే ఆకుమాడు తెగులు తోటలోకి వచ్చేసినట్టే. చలి, తడి రెండూ కలిసొస్తే అంతకన్నా మొండిదైన లేట్ బ్లైట్ దిగుతుంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి లక్షల మందిని కరవు పాలు చేసింది ఈ జీవే. పచ్చని తోటను రోజుల వ్యవధిలో మాడ్చేయగలదు. రైతు ఇక ఆలోచించడు, స్ప్రేయరు భుజాన వేసుకుంటాడు.

అలా మందు తాగిన కాయే ఆసియాలోని అతిపెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరున్న మదనపల్లె యార్డులో వేలమై, లారీలెక్కి, నగరంలో మన కూరల సంచిలోకి చేరుతుంది. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిన కొనుగోలుదారు అడిగే ప్రశ్న ఒకటే: ఇన్ని మందులు కొట్టిన కాయలో విటమిన్లు మిగిలాయా?

ముందు టమాటాలో ఏముందో చూద్దాం. నూటికి 94 పాళ్లు నీరే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 100 గ్రాముల పండులో విటమిన్ సి 14 మిల్లీగ్రాముల దాకా, ఎరుపుదనాన్నిచ్చే లైకోపీన్ రెండున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. చూడ్డానికి ఈ అంకెలు చిన్నవే. కానీ పప్పులో, చారులో, పచ్చడిలో రోజూ టమాటా పడే ఇళ్లలో ఏడాది మొత్తం మీద అది తక్కువేమీ కాదు.

తెగుళ్ల మందులన్నీ ఒక తీరుగా పనిచేయవు. మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి ఆకు మీద, కాయ మీద పొరలా నిలిచి శిలీంద్రాన్ని బయటే చంపుతాయి. మొక్క లోపలి వ్యవహారంలో వీటి జోక్యం తక్కువ. ట్రయజోల్ కుటుంబానికి చెందిన డైఫెన్‌కొనజోల్ వంటివి మాత్రం లోపలికి చొచ్చుకుపోతాయి. శిలీంద్రం తన కణపొర కోసం తయారు చేసుకునే పదార్థాన్ని అడ్డుకోవడం వీటి పని. అయితే మొక్కకూ అలాంటి ఎంజైములే ఉన్నాయి కాబట్టి మోతాదు మించితే దాని ఎదుగుదలా కుంటుపడుతుంది. మామిడి రైతులకు ఈ సంగతి మరో రూపంలో తెలుసు. ముందుగా పూత రావడానికి చెట్టు మొదట్లో పోసే పాక్లోబ్యూట్రజోల్ కూడా ట్రయజోలే. అజాక్సీస్ట్రోబిన్ లాంటి స్ట్రోబిలురిన్ మందులది ఇంకో తరహా. అవి శిలీంద్రం శ్వాసక్రియను ఆపేస్తాయి. మొక్కలో ఇథిలీన్ తయారీనీ కొంత తగ్గిస్తాయి. ఆకు ఎక్కువ రోజులు పచ్చగా కనిపించేది అందుకే. టమాటాను పండించేదీ ఇథిలీనే మరి.

కాబట్టి మందుకూ పోషకానికీ సంబంధం లేదనడం సరికాదు. అయితే అది ఎప్పుడూ నష్టం వైపే ఉంటుందనడమూ సరికాదు. కాయలోని చక్కెర ఆకు పెట్టిన భిక్ష. తెగులుకు ఆకు రాలిపోతే కాయకు తిండి తగ్గుతుంది, నీడ పోతుంది, ఎండదెబ్బకు తొక్క తెల్లబారుతుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే లైకోపీన్ తయారీ మందగిస్తుంది. నడి వేసవి కాయలు ఎర్రబారకుండా పసుపు తిరిగేది ఇందుకే. అంటే తెగులు సోకిన తోటలో సరిగ్గా కొట్టిన మందు పోషకాలను కాపాడనూ వచ్చు. వంగడం, ఎండ, ఎరువు, కోసినప్పటి పక్వత ఇవన్నీ తెచ్చే తేడాల మధ్య మందు తెచ్చే తేడాను విడదీసి చూపడం ప్రయోగశాలలోనూ తేలిక కాదు.

సేంద్రియ వాదులు తరచూ ఉదహరించే అధ్యయనం ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పదేళ్ల టమాటా నమూనాలను పోల్చి 2007లో ప్రచురించారు. సేంద్రియ టమాటాలో క్వెర్సెటిన్ 79 శాతం, కెంఫెరాల్ 97 శాతం ఎక్కువని తేలింది. కానీ దానికి ఆ శాస్త్రవేత్తలు చెప్పిన కారణం తెగుళ్ల మందు కాదు, నేలలో నత్రజని అందిన తీరు. యూరియా బస్తాను వదిలేసి స్ప్రేయరు మీద పడితే ఏం లాభం? పైగా సేంద్రియ సాగులోనూ రాగి మందులకు అనుమతి ఉంది.

మరి నిశ్చింతగా తినేయవచ్చా? అక్కడే మెలిక. మన రైతులు 'ఎం-45' అని పిలుచుకునే మాంకోజెబ్ చవక, పాతది, నమ్మకమైనది. కాయ మీద మిగిలిన ఈ మందు వేడి తగలగానే విరిగి ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థంగా మారుతుంది. అది థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుందని ఎలుకల మీద ప్రయోగాల్లో రుజువైంది. విడ్డూరమేమిటంటే లైకోపీన్ ఒంటికి బాగా పట్టాలంటే టమాటాను నూనెలో మగ్గించాలి. పోషకాన్ని విడుదల చేసే పొయ్యే ఈ పదార్థాన్నీ పుట్టిస్తుంది. అదృష్టవశాత్తూ మాంకోజెబ్ చాలావరకు తొక్క మీదే ఉంటుంది. కోయకముందే ధారగా పారే నీటిలో చేత్తో రుద్ది కడిగితే చెప్పుకోదగ్గంత పోతుంది. లోపలికి చొచ్చుకుపోయిన మందుల విషయంలో మాత్రం కుళాయి చేయగలిగింది కొంతే.

పునరుత్పత్తికి, హార్మోన్లకు హాని చేస్తుందన్న కారణాలతో ఐరోపా యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని పొడిగించలేదు. అదే ఏడాది మే నెలలో మన కేంద్ర వ్యవసాయ శాఖ నిషేధించదలచిన 27 మందుల ముసాయిదాలోనూ దాని పేరుంది, కార్బెండజిమ్ పేరూ ఉంది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి రెండూ నిషేధం తప్పించుకున్నాయి. మాంకోజెబ్‌ను పెద్ద ఎత్తున తయారు చేసి ఎగుమతి చేసే దేశం మనదేనన్న సంగతి ఇక్కడ మరచిపోకూడదు.

ఇక మిగిలింది డబ్బా మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉండే గడువు: చివరి పిచికారీ తర్వాత ఇన్ని రోజులకు గానీ కోయరాదని. వరికి, వేరుసెనగకు ఇది కుదురుతుంది. ఒకేసారి కోతకొచ్చే పంటలవి. టమాటా అలా కాదు. కోతలు మొదలయ్యాక మూడు నాలుగు రోజులకోసారి నెలకు పైగా సాగుతాయి. ఒకే మొక్క మీద పూత, పిందె, పండు కలిసి ఉంటాయి. పిందెను కాపాడటానికి కొట్టిన మందు పండు మీదా పడుతుంది.

ధర సంగతి సరేసరి. 2023 జులై చివర్లో మదనపల్లెలో కిలో 200 రూపాయలకు చేరువైంది. సెప్టెంబరుకల్లా పది రూపాయల లోపుకు జారిపోయింది. ధర పలికే రోజుల్లో గడువు కోసం పండును తోటలో వదిలేయమంటే వినేదెవరు? రేపటికి ఆ ధర ఉంటుందన్న హామీ లేనప్పుడు తప్పంతా రైతు మీదికే నెట్టడం న్యాయమూ కాదు.

పిచికారీలే తగ్గే దారి లేకపోలేదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ అర్క రక్షక్ హైబ్రిడ్‌ను మూడు తెగుళ్లను తట్టుకునేలా తీర్చిదిద్దింది. అందులో ఆకుమాడు ఒకటి. ఆ తర్వాత వచ్చిన అర్క అభేద్ లేట్ బ్లైట్‌నూ తట్టుకుంటుంది. మొక్కలకు ఊతకర్రలు పాతి పైకి కట్టినా ఆకుల్లో తడి త్వరగా ఆరి తెగులు తగ్గుతుంది. కానీ కర్రలకు, పురికొసకు, కూలికి ముందే డబ్బు పెట్టాలి. మందు మాత్రం దుకాణంలో అప్పు మీద దొరుకుతుంది.