సంచి తేలికైతే చాలదు: హట్ నుంచి హట్‌కు స్కీ యాత్రకు సిద్ధం కావడమెలా?

స్కీయింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది కేబుల్ కారులో పైకి వెళ్లి, యంత్రాలు చదును చేసిన వాలు మీదుగా కిందికి జారడం. ఆల్ప్స్ పర్వతాల్లో మరో పాత పద్ధతి కూడా ఉంది. అందులో స్కీయర్లు తమ కాళ్లతోనే కొండ ఎక్కుతారు. కనుమ దాటి అవతలి వైపు జారుతారు. సాయంత్రానికి ఒక పర్వత బసకు చేరతారు. మర్నాడు అక్కడి నుంచి మరో బసకు ప్రయాణం. ఈ బసలనే హట్‌లు అంటారు. పేరుకు గుడిసెలే అయినా ఇవి రాతితో, కలపతో కట్టిన గట్టి భవనాలు. వేసవిలో పాదచారులకు, వసంతంలో స్కీయర్లకు ఇక్కడ వేడి భోజనం, పరుపు, దుప్పటి దొరుకుతాయి.

ఇలాంటి యాత్రల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందినది ‘ఓట్ రూట్’. ఫ్రెంచి భాషలో ‘ఎత్తైన దారి’ అని అర్థం. ఫ్రాన్స్‌లోని షామొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వరకు హిమానీనదాల మీదుగా సాగే ఈ దారిని 19వ శతాబ్దం మధ్యలో పర్వతారోహకులు వేసవి మార్గంగా గుర్తించారు. 1911లో తొలిసారి స్కీలపై పూర్తి చేశారు. సాధారణంగా దీనికి 6 లేదా 7 రోజులు పడుతుంది. మార్చి మధ్య నుంచి మే ఆరంభం వరకు అనువైన కాలం. అప్పటికి శీతాకాలపు మంచు హిమానీనదాల పగుళ్లను చాలావరకు కప్పి ఉంటుంది, పగటి వెలుగు కూడా ఎక్కువసేపు ఉంటుంది.

హట్ ఇచ్చేది, అడిగేది

దారిలో హట్‌లు ఉండటం వల్ల గుడారం, పొయ్యి, దళసరి స్లీపింగ్ బ్యాగ్ మోయనక్కర్లేదు. సంచి బరువు కొన్ని కిలోలు తగ్గుతుంది. అయితే దీనికి బదులుగా హట్ ఒకటి అడుగుతుంది. ఫలానా రాత్రికి అక్కడికి చేరి తీరాలి. పడకలు ముందే బుక్ చేసుకోవాలి. ఒక రోజు ఆగిపోతే తర్వాతి బుకింగులన్నీ తారుమారవుతాయి. వాతావరణం బాగోకపోయినా ముందుకే వెళ్లాలనిపించేలా చేసే ఒత్తిడి ఇదే.

వాతావరణం బాగోకపోయినా ముందుకు వెళ్తే ఫలితం ఎంత తీవ్రంగా ఉండగలదో 2018 ఏప్రిల్ 29, 30 తేదీల్లో ఇదే దారిలో కనిపించింది. పీన్ దరోలా శిఖరం దగ్గర తుపానులో దారి తప్పిన 14 మంది స్కీయర్లు రాత్రంతా బయటే గడపాల్సి వచ్చింది. వారిలో ఏడుగురు మరణించారు. ఎక్కువ మందిని బలిగొన్నది చలే. విన్యెట్ హట్ అక్కడికి సుమారు 550 మీటర్ల దూరంలోనే ఉంది. కంటికి ఏమీ కనిపించని గాలివానలో 550 మీటర్లు కూడా దాటలేని దూరమవుతుంది.

అందుకే ఈ యాత్రకు సిద్ధం కావడమంటే సామాను సర్దుకోవడం ఒక్కటే కాదు. ఏ పరిస్థితిలో ఆగాలో, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలో ముందే నిర్ణయించుకోవడం కూడా అందులో భాగమే.

కాళ్లకు ఎంత పని?

జారిపోయే స్కీలతో కొండ ఎక్కడం ఎలా? స్కీ అడుగున ‘స్కిన్’ అనే పొడవాటి పట్టీ అతికిస్తారు. పూర్వం వీటిని సీల్ చర్మంతో చేసేవారు. ఇప్పుడు అంగోరా మేక వెంట్రుకలతో గానీ నైలాన్‌తో గానీ చేస్తున్నారు. వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. పిల్లి వీపును తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే అడ్డు తగులుతుంది. స్కిన్ పనిచేసేదీ అలాగే. స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. ఎక్కేటప్పుడు బూటు మడమ పైకి లేచేలా బిగింపు వదులుగా ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని బిగిస్తారు.

శ్రమను లెక్కకట్టడం కష్టం కాదు. మనిషి, సంచి, స్కీలు, బూట్లు కలిపి 85 కిలోలు అనుకుందాం. ఈ బరువును 1,000 మీటర్లు పైకి చేర్చడానికి సుమారు 200 కిలోకేలరీల పని జరగాలి. మన కండరాలు ఆహారం నుంచి వచ్చే శక్తిలో పావు వంతుకు మించి పనిగా మార్చలేవు. మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఎత్తు ఎక్కడానికే 800 నుంచి 1,000 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ముందుకు నడవడం, చలిని తట్టుకోవడం, దిగడం వీటికి అదనం. ఇది ఒక్క రోజు లెక్క. ఇలా వరసగా ఆరు రోజులు గడపాలి.

అందుకే రెండు మూడు నెలల ముందే సాధన మొదలుపెట్టాలి. దగ్గర్లో కొండలు లేని నగరవాసులకు మెట్లే కొండలు. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున చూస్తే, పదంతస్తుల భవనాన్ని 33 సార్లు ఎక్కితే సుమారు 1,000 మీటర్లు అవుతుంది. ఖాళీ సంచితో మొదలుపెట్టి క్రమంగా బరువు పెంచాలి. ఒక్క రోజు బాగా ఎక్కగలగడం కంటే, మర్నాడు అలసట లేకుండా మళ్లీ ఎక్కగలగడం ముఖ్యం.

మూడు వేల మీటర్ల ఎత్తున నిద్ర

ఓట్ రూట్‌లోని చాలా హట్‌లు 2,700 నుంచి 3,300 మీటర్ల మధ్య ఉన్నాయి. 3,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. పీడనం తగ్గడం వల్ల ప్రతి ఊపిరిలో అందే ఆక్సిజన్ మాత్రం మూడో వంతు దాకా తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడటానికి కొన్ని రోజులు కావాలి. శారీరక దృఢత్వం ఉన్నవారికి కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు.

యాత్రకు ముందు రెండు మూడు రోజులు లోయలోనూ మధ్య ఎత్తుల్లోనూ గడపడం మంచిది. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యుల సలహా. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. లక్షణాలు ముదిరితే కిందికి దిగడమే అసలైన చికిత్స.

మంచు కింద పంచదార

చూడటానికి ఒకేలా కనిపించినా, కొండవాలు మీద మంచు పొరలు పొరలుగా ఉంటుంది. శీతాకాలం ఆరంభంలో పడిన పలుచటి మంచుకు కింద నేల కాస్త వెచ్చగా, పైన గాలి అతి చల్లగా ఉంటుంది. ఆ తేడాకు కింది నుంచి నీటి ఆవిరి పైకి కదులుతూ, మంచు రేణువులను పంచదారలా ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారుస్తుంది. తర్వాత దీని మీద గాలి తెచ్చిన మంచు గట్టి పలకలా పరుచుకుంటుంది. స్కీయర్ బరువుకు అడుగున ఉన్న ఈ బలహీన పొర ఒకచోట కూలితే, పగులు క్షణాల్లో వాలంతా పాకుతుంది. పలక మొత్తం జారిపోతుంది. ఇలాంటి మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. ప్రాణాలు తీసిన ఘటనల్లో అత్యధికం ఆ బృందంలోని వారి బరువుకే కదిలినవి.

దావోస్‌లోని మంచు, మంచు చరియల పరిశోధన సంస్థ శీతాకాలంలో రోజూ సాయంత్రం, ఉదయం ముప్పు సూచన విడుదల చేస్తుంది. ఇందులో 1 నుంచి 5 వరకు స్థాయులు ఉంటాయి. మూడో స్థాయి అంటే ‘నడిమిది’ కదా అని చాలామంది పొరబడతారు. నిజానికి స్విట్జర్లాండ్‌లో మంచు చరియల మరణాల్లో సుమారు సగం ఈ స్థాయి ప్రకటించిన రోజుల్లోనే జరుగుతున్నాయి. సంఖ్యతో పాటు ముప్పు ఏ ఎత్తులో, ఏ దిక్కు వాలులో ఉందో చదివి, మర్నాటి దారితో పోల్చి చూడాలి.

పది నిమిషాలే గడువు

మంచు కింద కూరుకుపోయిన వ్యక్తిని పది నిమిషాల్లోపు బయటకు తీస్తే బతికే అవకాశం సుమారు 90 శాతం. అరగంట గడిచేసరికి అది మూడో వంతుకు పడిపోతుంది. హెలికాప్టర్ ఎంత త్వరగా బయల్దేరినా ఆ పది నిమిషాల్లో రావడం దాదాపు అసాధ్యం. కాపాడాల్సింది పక్కనున్నవారే.

అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు పరికరాలు ఉండి తీరాలి. మొదటిది 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతాలు పంపే, అందుకునే ట్రాన్స్‌సీవర్. రెండోది మంచులో గుచ్చి వెతికే, మడత పెట్టగల పొడవాటి కడ్డీ. మూడోది లోహపు పార. మీటరు లోతులో ఉన్న మనిషిని తీయడానికి టన్ను మంచు దాకా తవ్వాల్సి రావచ్చు. ప్లాస్టిక్ పార ఇందుకు పనికిరాదు. మొబైల్ ఫోన్ ట్రాన్స్‌సీవర్‌ సంకేతాలకు ఆటంకం కలిగిస్తుంది. మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. ఈ పరికరాలు కొనడం కంటే, కళ్లు మూసుకున్నా చేయగలిగేంతగా బృందమంతా కలిసి సాధన చేయడం ముఖ్యం.

హిమానీనదాల మీద తాడు, నడుముకు కట్టే పట్టీ, పగుల్లో పడినవారిని లాగే సరంజామా కూడా కావాలి. వాటిని వాడటం రానివారు అనుభవజ్ఞుడైన గైడ్ వెంట మాత్రమే వెళ్లాలి.

తెల్లవారకముందే ఎందుకు?

హట్‌లలో రాత్రి తొమ్మిది, పది గంటలకల్లా దీపాలు ఆర్పేస్తారు. చీకటితోనే లేచి బయల్దేరతారు. దీనికి భౌతిక శాస్త్ర కారణం ఉంది. రాత్రిపూట మంచు ఉపరితలం పరారుణ కిరణాల రూపంలో వేడిని ఆకాశంలోకి వదులుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా ఉపరితలం గడ్డకట్టి గట్టిపడుతుంది. మేఘాలు కమ్మితే అవి ఆ వేడిని తిరిగి కిందికి పంపుతాయి. అప్పుడు మంచు మెత్తగానే ఉండిపోతుంది. వసంతంలో గట్టిపడిన మంచు ఉదయం క్షేమం. ఎండకు నీరుపట్టాక మధ్యాహ్నం అదే వాలు జారిపోవచ్చు. రాత్రి మబ్బు పట్టి ఉంటే మర్నాటి ప్రణాళిక మార్చుకోవాల్సి రావచ్చు.

సంచిలో ఉండాల్సినవి

సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉన్న గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే చర్మానికి అది మైనస్ 21 డిగ్రీల చలిలా తగులుతుంది. తడిసిన నూలు బట్టలు ఒంటి వేడిని లాగేస్తాయి. అందుకే ఒంటికి ఉన్ని లేదా సింథటిక్ లోదుస్తులు, పైన గాలి, నీరు చొరబడని కోటు, సంచిలో వెచ్చటి జాకెట్, అదనపు చేతి తొడుగులు ఉండాలి. హట్‌లో దుప్పట్లున్నా లోపల వేసుకోవడానికి పలుచటి సంచి దుప్పటి తీసుకెళ్లాలి.

ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. నల్ల కళ్లద్దాలు లేకపోతే కొన్ని గంటల్లోనే కంటి పైపొర దెబ్బతిని, తాత్కాలికంగా చూపు పోవచ్చు. ఫోన్ బ్యాటరీ చలికి త్వరగా నీరసిస్తుంది కాబట్టి లోపలి జేబులో ఉంచాలి. కాగితపు పటం, దిక్సూచి కూడా ఉండాలి. బృందానికి కనీసం ఒక అత్యవసర బహిరంగ నిద్ర సంచి మోయాలి. హట్‌కు చేరలేని రాత్రికి అదే హట్.

వెనక్కి తిరిగే వేళ

పర్వతంలో కాలాన్ని అంచనా వేయడానికి స్విస్ గైడ్ వెర్నర్ ముంటర్ పేరు మీద ఒక సులువైన లెక్క ఉంది. దూరాన్ని కిలోమీటర్లలో, ఎక్కే ఎత్తును వందల మీటర్లలో రాసి, రెండూ కూడి, నాలుగుతో భాగించాలి. 7 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే 7, 9 కలిపి 16. నాలుగుతో భాగిస్తే 4 గంటలు. విశ్రాంతికి, మంచు బాగోలేకపోతే పట్టే ఆలస్యానికి మరో గంటన్నర కలపాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకు తుపాను సూచన ఉందంటే అంతకు రెండు గంటల ముందే హట్‌లో ఉండేలా లెక్క వెనక్కి వేసుకోవాలి. కనుమ మీదికి ఏ వేళకు చేరకపోతే వెనక్కి తిరగాలో ఆ వేళను ముందు రాత్రే, భోజనాల బల్ల దగ్గరే అందరూ కలిసి నిర్ణయించాలి. అలసిపోయి, చలిలో, హట్ దగ్గర్లోనే ఉందన్న ఆశతో ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవడం ఎవరికైనా కష్టమే.

తప్పించుకునే దారులు కూడా పటంపై ముందే గుర్తించాలి. ఓట్ రూట్‌లోని డిక్స్ హట్, విన్యెట్ హట్ రెంటి నుంచీ కింద ఉన్న అరోలా గ్రామానికి దిగవచ్చు. మొత్తం కార్యక్రమంలో ఒకటి రెండు ఖాళీ రోజులు ఉంచుకోవాలి. రాలేమనుకుంటే హట్ నిర్వాహకులకు ఫోన్ చేసి చెప్పాలి. లేకపోతే వారు ప్రమాదం జరిగిందేమోనని గాలింపు మొదలుపెట్టవచ్చు.

మన హిమాలయాల్లో

భారత హిమాలయాల్లో ఇలాంటి హట్‌ల గొలుసు లేదు. గుల్మార్గ్, ఔలి వంటి చోట్ల స్కీయింగ్ పెరుగుతున్నా, రోజుల తరబడి సాగే యాత్రకు గుడారాలే గతి. సూత్రాలు మాత్రం ఇవే. సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉన్న హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో 2,650 మీటర్ల గుల్మార్గ్‌కు చేరి, వెంటనే గొండోలాలో ఇంకా పైకి వెళ్లేవారు శరీరానికి అలవాటు పడే వ్యవధి ఇవ్వడం లేదని గుర్తించాలి. మంచు చరియల సూచనలను చండీగఢ్ కేంద్రంగా పనిచేసే డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్‌ఈ జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతాలకు అందిస్తోంది. విదేశాల్లో మామూలుగా వాడే శాటిలైట్ ఫోన్‌ను మన దేశంలో అనుమతి లేకుండా వాడటం చట్టవిరుద్ధమన్న సంగతీ మరవకూడదు.

ఆల్ప్స్ అయినా హిమాలయాలైనా, ఒక రోజు ఆగిపోతే పోయేది బుకింగ్ డబ్బు. ఆగకపోతే పోయేదానికి వెల కట్టలేం. ఈ రెండింటి తేడాను ఇంటి దగ్గరే, ప్రశాంతంగా ఆలోచించి పెట్టుకున్న బృందమే యాత్రకు నిజంగా సిద్ధమైనట్టు.