మూర్తిమత్వము – ఉద్వేగ తీవ్రత – మనోవ్యాకులత

ఒకే పరీక్ష తప్పిన ఇద్దరు విద్యార్థులలో ఒకరు నాలుగు రోజులు బాధపడి మళ్ళీ పుస్తకం చేతపట్టుతారు. మరొకరు నెలల తరబడి నిద్రాహారాలకు దూరమై కుంగిపోతారు. కారణం ఒక్కటే అయినప్పుడు ఫలితం వేరు కావడానికి హేతువేమిటి?

ప్రశ్న ప్రాచీనమైనదే. మితిమీరిన విషాదానికి దేహంలోని నల్లని పైత్యరసమే మూలమని గ్రీకు వైద్యులు తలచి, దానిని ‘మెలాంకోలియా’ అన్నారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖాన్నీ, కారణం కానరాని దుఃఖాన్నీ వేరుచేసి, రెండవదానికి శరీర చికిత్స కూడా అవసరమన్నాడు.

ఆధునికులలో హాన్స్ ఐసెంక్ (1916–1997) మూర్తిమత్వానికి ముఖ్యమైన కొలమానాలుగా అంతర్ముఖత్వ–బహిర్ముఖత్వాలనూ, ఉద్వేగ అస్థిరతనూ పేర్కొన్నాడు. ఉద్వేగ అస్థిరత గలవారు త్వరగా కలత చెందుతారు, ఆలస్యంగా తేరుకుంటారు. మూర్తిమత్వ లక్షణాలలో వ్యాకులతతో మిక్కిలి సన్నిహిత సంబంధం దీనికే ఉన్నదని పరిశోధనలు పలుమార్లు తెలిపాయి. అంతర్ముఖత్వానికి గల సంబంధం అంతకంటె బలహీనమైనది. కాబట్టి మితభాషి అయిన ప్రతి విద్యార్థినీ రోగిగా భావించరాదు.

ఉద్వేగ తీవ్రత మరొక విషయం. 1980 దశకంలో లార్సెన్, డీనర్ అను పండితులు దీనిని కొలిచి చూశారు. తీవ్రంగా స్పందించేవారు దుఃఖాన్నే గాక సంతోషాన్నీ గాఢంగా అనుభవిస్తారు. ఇది దోషం కాదు. అయితే ఈ తీవ్రతకు అస్థిరత తోడై, జరిగినదానినే పదే పదే తలపోసే అలవాటు కూడా కలిసినచో దుఃఖం వేరూనుకుంటుంది. వ్యాకులత ముదిరిన వ్యక్తికి సంతోషించే శక్తియే సన్నగిల్లుతుంది. గాఢంగా ఏడ్చేవారికంటె, ఏదీ రుచించక మౌనంగా ఉండేవారి స్థితి ఒక్కొక్కప్పుడు ప్రమాదకరం.

స్వభావం విధిలిఖితం కాదు. వయస్సుతో, అభ్యాసంతో, చికిత్సతో అది మారగలదు. నిరుత్సాహం, నిద్రలేమి, ఏకాగ్రతాలోపం, తాను నిష్ప్రయోజకుడననే భావం రెండు వారాలకు మించి నిలిచినచో వైద్యుని సంప్రదించాలి. ఆత్మహత్య తలంపు కలిగినచో ఒక్కరోజు కూడా ఆగరాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా లభిస్తున్నది.

హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరీలు కనిపించినప్పుడు మనము జరిమానా విధించుటకు ముందు కారణం అడుగుదాము. సోమరితనమని మనము తీర్మానించినది వ్యాధి కావచ్చును. జ్వరమునకు సిగ్గుపడని మనము మనోవ్యాధికి మాత్రం సిగ్గుపడనేల?