సెకండ్‌హ్యాండ్ ఆటో కొంటున్నారా? ముందు హ్యాండిల్ సంగతి చూడండి!

ఇంజిన్ సౌండ్ విని, కొత్త పెయింట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. మూడు టైర్లలోనూ గాలి సరిచేయించి, హ్యాండిల్ వదులుగా పట్టుకుని నడపండి. మన రోడ్లు అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకి కాస్త లాగడం మామూలే. చదును నేల మీద కూడా లాగుతోందంటే తేడా ఉన్నట్టే. బ్రేక్ వేసినప్పుడే లాగితే వెనక ఒక డ్రమ్ము ఎక్కువ పట్టేస్తోందేమో చూపించండి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్యలో పట్టేస్తోందా? కోన్‌సెట్ పోయినట్టు. ఇవన్నీ చిన్న రిపేర్లు.

భయపడాల్సింది ఛాసిస్‌కే. తడి నేల మీంచి పొడి నేల మీదికి తిన్నగా పోనివ్వండి. మూడు గీతలు పడతాయి కదా, ముందు చక్రం గీత వెనక రెండింటికీ మధ్యలో లేకపోతే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగుండాలి, లేదా ఛాసిస్ వంగుండాలి. హ్యాండిల్ కాలమ్ దగ్గర కొత్త వెల్డింగ్ కనిపిస్తే, ‘చిన్న పనే తమ్ముడూ’ అన్నా సరే, ఆ బండి వదిలేయండి. రేపు అందులో స్కూలు పిల్లల్ని ఎక్కించుకునేది మీరే.

ట్రయల్‌కి ముగ్గురు ఫ్రెండ్స్‌ని వెనక కూర్చోబెట్టుకోండి. ఖాళీ బండిలో తెలియని ఊగుడు మలుపులో బయటపడుతుంది.