కూరుట: వంటయింటి క్రియాపదము

తెలుగున ‘కూరుట’ యనగా లోపల దట్టించి నింపుట. సోలాపురము తూర్పు భాగమున, మగ్గము నాశ్రయించి స్థిరపడిన పద్మశాలీయుల వాడలలో గుత్తివంకాయ వండుదురు. తొడిమ విడువక కాయను నాలుగుగా చీల్చి, వేయించిన పల్లీలు, నువ్వులు, కారము నూరి కూరుదురు. మరాఠీవారి ‘భరలీ వాంగీ’ దీనికి సోదరి. వారికి ‘భరణే’, మనకు ‘కూరుట’.

మాంసమున నీ పద్ధతి ప్రాచీనము. సోలాపురమునకు తూర్పుననున్న కళ్యాణము నేలిన మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున (12వ శతాబ్దము) ప్రేవులను శుభ్రపరచి, నింపి, నిప్పులపై కాల్చు వంటకము కలదు.

అమెరికాలోని లూసియానాయందు ‘కేజన్’ జనులు పందిమాంసము, అన్నము, ఉల్లి కలిపి ప్రేవులో కూరి ‘బూడాన్’ చేయుదురు. ఎముకలు తీసిన కోడినిట్లే నింపుదురు. 1755 మొదలు అకాడియానుండి వెడలగొట్టబడిన ఫ్రెంచివారి సంతతి వారు. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగము బడులలో ఆంగ్లమునే విధించెను. ఇంటి ఫ్రెంచి క్షీణించెను. వంటకము పేరు నిలిచెను.

కావున పేరు మిగిలినంతమాత్రమున భాష మిగులదు. కాయ చీల్చుట, పొడి నూరుట, కూరుట బిడ్డకు తెలుగున చెప్పి చేయించినప్పుడే మాట బ్రదుకును.