హేమావతి: నగరు లేని రాజధాని

మడకశిరకు పడమటి దిక్కున, కన్నడసీమ పొలిమేర నానుకొని హేమావతి యను చిన్న గ్రామము కలదు. 2022 వరకు అది అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వానకై ఆకాశము వంక చూచి బ్రదుకు సీమ యది. నేనచ్చటికి పోయినపుడు ఒక వృద్ధుని, "రాజనగరు ఎక్కడ?" అని యడిగితిని. ఆయన నవ్వి, "మీరు నిలబడిందే అదేమో, సామీ!" అనెను.

ఆ మాట పరిహాసము కాదు. శాసనములలో పెంజేరు, హెంజేరు అని కనబడు పట్టణమే ఈ హేమావతి. పల్లవ వంశజులమని చెప్పుకొనిన నొళంబరాజులకు అది రాజధాని. వారి నొళంబవాడి ముప్పదిరెండువేలు అను నాడు నేటి అనంతపురము, చిత్రదుర్గము, తుమకూరు, కోలారు సీమలలో వ్యాపించియుండెను. 9వ శతాబ్దాంతమున మహేంద్ర నొళంబుని శాసనము తమిళదేశపు ధర్మపురిలో సైతము వెలసినది. 10వ శతాబ్దపు ఉత్తరార్ధమున గంగరాజగు మారసింహుడు వీరిని జయించి, నొళంబకులాంతకుడని బిరుదు ధరించెను. పిమ్మట చోళులు దండెత్తివచ్చిరి.

ఇంతటి రాజులు నివసించిన ఇల్లేమైనది? మన పూర్వులు దేవునికి రాతితోను, రాజునకు కొయ్య, ఇటుక, మట్టితోను ఇండ్లు కట్టిరి. హంపిలో సైతము పెక్కు రాజభవనములకు రాతి పీఠములే మిగిలినవి. ఇంగ్లండులో 1086 నాటి భూముల లెక్క గ్రంథరూపమున నున్నందున, నాటి ప్రభువుల భూములకు సాక్ష్యము కలదు. మనకట్టి గ్రంథము లేదు. శిలలే మన లెక్కపుస్తకము.

హేమావతిలో ఆ పుస్తకపు పుటలు కొన్ని నిలిచియున్నవి. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపమున గాక, కూర్చుండిన మానవాకృతితో పూజలందుకొనుచున్నాడు. దొడ్డేశ్వరాలయమున నున్నని నల్లరాతి నంది కలదు. కన్నడమున దొడ్డ యనగా పెద్ద యని యర్థము. కాని పుటలు కొన్ని చినిగి దూరదేశములకు పోయినవి. నొళంబుల చెక్కడపు స్తంభములు తంజావూరి చేరువనున్న తిరువయ్యారు ఆలయములో నేటికిని కలవు. చోళులు విజయచిహ్నములుగా గొనిపోయినవని చరిత్రకారుల మతము. మరికొన్ని శిల్పములు చెన్నపట్టణపు ప్రదర్శనశాల చేరినవి.

రాజులు గొనిపోయిన రాళ్లకు చరిత్రలో చోటు దొరికినది. మనము గోడలో పెట్టిన రాతికి, బట్టలుతుకు బండగా వాడిన రాతికి ఏ చరిత్రలోను చోటుండదు. శాసనమున్న రాయి ఒకటి పగిలిన, ఒక చెరువును త్రవ్వించినవాని పేరో, ఊరికై ప్రాణమిచ్చిన వీరుని పేరో శాశ్వతముగా పోవును. కావున మీ యూరి గట్టుమీద అక్షరములున్న రాయి కనబడినచో, దానిని కదల్పకుడు; పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. పోయిన నగరును మనము తిరిగి కట్టలేము. ఉన్న రాతిని కాపాడుట మాత్రము మన చేతిలో నున్నది.