పెరుగుట లాభమా? నష్టమా?

బిడ్డ ఏపుగా పెరిగిన తల్లి సంతోషించును. దూడ బలిసిన రైతు సంతోషించును. పెరుగుట ఎల్లప్పుడును లాభమే యని మనము తలచుచుందుము. కాని పెరిగిన శరీరమును పోషించుటకు ప్రతిదినము అధికమైన ఆహారము కావలెను. ఆ ఆహారము దొరకని కాలము వచ్చినచో పెద్ద శరీరము మేలా, చిన్న శరీరము మేలా?

ఈ ప్రశ్నకు ఒక చక్కని ఉదాహరణము పసిఫిక్ మహాసముద్రమున, ఈక్వెడార్ తీరమునకు పడమరగా సుమారు 1000 కిలోమీటర్ల దూరముననున్న గాలపాగోస్ దీవులలో కలదు. అచ్చటి సముద్రపు ఇగ్వానా చూచుటకు మన ఉడుమును పోలియుండును. నల్లని రాళ్లపై ఎండ కాగుట, సముద్రపు నాచు మేయుట దాని జీవనము. మగ ఇగ్వానాలలో పెద్దవానికే జోడు సులభముగా లభించును. కనుక మంచి కాలమున పెరిగినదే గెలుచును.

అయితే కొన్ని సంవత్సరముల కొకసారి ఎల్ నినో అను మార్పువలన అచ్చటి సముద్రము వేడెక్కును. లోతులనుండి పైకి వచ్చు చల్లని, సారవంతమైన నీరు తగ్గును. మేతకు పనికివచ్చు నాచు క్షీణించును. 1982–83లోను, 1997–98లోను వచ్చిన ఎల్ నినోలు మిక్కిలి తీవ్రమైనవి. అట్టి కరవులలో పెద్ద ఇగ్వానాలే ఎక్కువగా చచ్చును.

పెద్దవానికి కొవ్వు నిలువ ఎక్కువ గదా యని సందేహము కలుగవచ్చును. కారణమిది: శరీరము పెరిగినంతగా నోటికందు మేత పెరుగదు. నాచు పొట్టిదైనప్పుడు పెద్ద జంతువునకు ఒక్కొక్క కాటున దొరకునది దాని అవసరముతో పోల్చినచో స్వల్పము. నిలువ ఎంతయున్నను, రాబడి లేనిచో తరిగిపోవును గదా!

2000 సంవత్సరమున వికెల్‌స్కీ, థోమ్ అను శాస్త్రజ్ఞులు మరియొక వింతను ప్రకటించిరి. ఎదిగిన ఇగ్వానాలు కరవున చిక్కిపోవుటయే కాక, పొడవునందు కూడ తగ్గుచున్నవి! రెండేండ్లలోపల కొన్ని 20 శాతము వరకు, అనగా సుమారు 7 సెంటీమీటర్లు, కురచయైనవి. మృదులాస్థి కుదించుకొన్నంత మాత్రమున ఇంత తగ్గుదల రాదు; ఎముక కూడ కరగుచుండవలెనని వారి ఊహ. ఎక్కువగా తగ్గినవే ఎక్కువకాలము బ్రతికినవి. మేత దొరకగానే మరల పెరిగినవి.

ఈ ఉపాయమునకు హద్దు లేకపోలేదు. తగ్గిన శరీరము తిరిగి పెరుగుటకు మంచి సంవత్సరములు కావలెను. సముద్రములు వేడెక్కుచున్న ఈ రోజులలో తీవ్రమైన ఎల్ నినోలు తరచుగా వచ్చినచో, రెండు కరవుల నడుమ ఆ వ్యవధి వానికి చిక్కునా? ఈ జంతువు లోకమున మరెచ్చటను లేదు. ఆ దీవులలో నశించినచో మనము దానిని తిరిగి చూడజాలము.